చీరలకి నాలుగున్నర స్టార్లు, స్టూలుకి సున్నా

మా పెద్దమ్మాయి పెళ్ళి ఫాల్గుణంలో. మూఢం రాకముందే బట్టలు తీసేయాలని మా అత్తగారు పట్టుబట్టడంతో కార్తీకమాసంలో బెజవాడలోని ఒక పెద్ద చీరల షోరూమ్‌కి రెండుసార్లు వెళ్ళాం. ఒకసారి ఆదివారం, ఇంకోసారి బుధవారం. మొత్తం పదకొండు చీరలు తీసుకున్నాం. షాపు పేరు మాత్రం రాయను. ఎందుకో మధ్యలో మీకే తెలుస్తుంది.

ముందు నా సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే ఈమెకేం తెలుసు అనుకుంటారు. నేను జాకెట్లు కుడతాను. మా వీధి చివర చిన్న గదిలో మూడు మిషన్లు, ముగ్గురం మనుషులం. రోజూ నలుగురి చీరలు నా చేతి మీదుగా పోతాయి. ఏ షాపు బ్లౌజ్ పీస్ తక్కువ ఇస్తుందో, ఏ చీర రంగు మొదటి ఉతుకుడుకే దిగిపోతుందో జాకెట్లు కుట్టేవాళ్ళకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కుట్టుపనిలోకి రాకముందు ఐదేళ్ళు ఇలాంటి షాపులోనే సేల్స్‌గర్ల్‌గా చేశాను. కాబట్టి కౌంటర్‌కి రెండు వైపులా ఎలా ఉంటుందో నాకు తెలుసు.

చీరల గురించి వంక పెట్టడానికేమీ లేదు. కంచి పట్టు 18,500కి తీసుకున్నాం. ముదురు ఆకుపచ్చకి మెరూన్ అంచు. అంచు కలిసే చోట తిరగేసి చూశాను, వెనక అల్లిక శుభ్రంగా ఉంది. సిల్క్ మార్క్ చీటీ చీరకే కట్టి ఉంది, అడక్కుండానే చూపించారు. ఉప్పాడ జాందానీ ఒకటి 9,200. దాన్ని కూడా తిప్పి చూడమన్నాను మా అమ్మాయిని. అసలు ఉప్పాడ అయితే బుటా వెనక్కీ ముందుకీ పెద్ద తేడా ఉండదు, వేలాడే పోగులు కనపడవు. ఇది అలాగే ఉంది. పెట్టుబడి చీరలకి మంగళగిరి నూలువి నిజాం అంచుతో ఏడు తీసుకున్నాం, ఒక్కోటి 1,150. ఇదే చీర బయట ఇంకో యాభై తక్కువకి దొరుకుతుంది గానీ ఏడూ ఒకే నేత, ఒకే అంచు కావాలంటే పెద్ద షాపుకే రావాలి. లోపల పసుపు లైట్ల కింద నీలం కూడా నలుపులాగే ఉంటుంది. వెలుతురులో చూస్తానంటే గుమ్మం దాకా చీర తీసుకెళ్ళనిచ్చారు. అది మంచి పద్ధతి. పైగా మనకి బాదం పాలు, వెంట వచ్చిన మగవాళ్ళకి సోఫాలు, పిల్లలకి బెలూన్లు. ఫాల్, పికో ఫ్రీ అన్నారు, నేను వద్దన్నాను. వీళ్ళు ఫాల్ కుట్టే పద్ధతి నాకు నచ్చదు. ఇంత దూరం దూరంగా కుట్లు వేస్తే ఆరు నెలలకి ఊడి కాలికి తగులుకుంటుంది.

బిల్లింగ్ దగ్గర మాత్రం నలభై నిమిషాలు పట్టింది. ఒక అరస్టారు అక్కడ పోయింది.

ఇక అసలు సంగతికొస్తాను.

మాకు చీరలు చూపించిన అమ్మాయికి ఇరవై రెండు, ఇరవై మూడు ఉంటాయి. ఉయ్యూరు అవతల ఊరట. ఓపిక చూస్తే ముచ్చటేసింది. మా ఆడపడుచు ఒక్కతే ముప్పై చీరలు విప్పించి ఉంటుంది. ప్రతిదీ భుజాన వేసుకుని పైట జార్చి చూపించడం, మళ్ళీ మడత మీద మడత వేసి పక్కన పెట్టడం. మూడు గంటలు. ఆ మూడు గంటల్లో ఆ పిల్ల ఒక్క క్షణం కూర్చోలేదు. కూర్చోవడానికి ఏమీ లేదు. కౌంటర్ అవతల గచ్చు, వెనక అద్దాల బీరువాలు, అంతే.

నేను చీర చూస్తున్నట్టే ఉన్నాను గానీ నా కళ్ళు ఆమె కాళ్ళ మీదే ఉన్నాయి. మొదట రెండు కాళ్ళ మీద నిలబడింది. గంట అయ్యాక కుడికాలి మీద. తర్వాత చెప్పు వదిలేసి ఎడమ పాదం కుడి పిక్క మీద పెట్టి కొంగలాగా ఒంటికాలి మీద. సూపర్‌వైజర్ అటు తిరగ్గానే నడుము కౌంటర్ అంచుకి ఆనించింది, ఇటు తిరగ్గానే నిటారుగా అయిపోయింది. చీర మడతపెట్టే వంకతో కిందికి వంగి, పైకి లేవడానికి ఒక అరనిమిషం ఎక్కువ తీసుకుంది. ఈ విద్యలన్నీ నాకు తెలుసు. నేనూ చేశాను. స్టాక్ రూమ్‌కి పంపితే చాలు, ఎగిరి గంతేసేవాళ్ళం. అక్కడ మూటల మీద రెండు నిమిషాలు కూలబడొచ్చు కదా. మా షాపులో గోడకి ఆనుకుంటే యాభై రూపాయలు కోత. అప్పటి నా జీతం పదిహేను వందలు.

“అమ్మా, నువ్వు చీర చూడ్డానికొచ్చావా, చెకింగ్‌కొచ్చావా?” అంది మా అమ్మాయి నా చెవిలో.

“ఎన్నింటికొచ్చావమ్మా?” అని ఆ పిల్లనే అడిగాను. తొమ్మిదిన్నరకట. రాత్రి తొమ్మిది దాటాకే వదులుతారు. మధ్యలో భోజనానికి అరగంట. ఆ అరగంటలోనే నాలుగో అంతస్తుకి మెట్లెక్కి వెళ్ళాలి, తినే చోటూ బాత్రూమూ అక్కడే. లిఫ్టు కస్టమర్లకి మాత్రమే. మూడో అంతస్తులో పట్టు సెక్షన్ కాబట్టి తనది అదృష్టం అంది నవ్వుతూ, కింద ఫ్యాన్సీ చీరల దగ్గర ఉన్నవాళ్ళు మూడు అంతస్తులెక్కాలి. అందుకని వాళ్ళు మధ్యాహ్నం దాకా నీళ్ళు తాగరట. ఇది చెప్తూ కూడా చేతులు ఆపలేదు, మా ఆడపడుచు ముందు ఇంకో చీర విప్పుతూనే ఉంది.

నాకు ఆగలేదు. ఫ్లోర్ మేనేజర్‌ని పిలిచాను. కుర్రాడే, మర్యాదస్థుడే.

“బాబూ, ఆ అమ్మాయికి ఒక స్టూలు వేయొచ్చుగా?”

“కస్టమర్ వచ్చినప్పుడు కూర్చుని ఉంటే మర్యాదగా ఉండదు మేడమ్.”

“కస్టమర్‌ని నేనే కదయ్యా. నాకు మర్యాదగానే ఉంటుంది.”

నవ్వేశాడు. “పైవాళ్ళ రూల్ మేడమ్” అని ఇంకో రౌండు బాదం పాలు తెప్పించాడు. నేను తాగలేదు. ఆ గ్లాసు ఆ పిల్లకి ఇవ్వబోతే గాభరాగా తల అడ్డంగా ఊపింది.

పేరు రాయనన్నది అందుకే. పేరు రాస్తే మేనేజర్‌కి ఏమీ కాదు, ఓనర్‌కి అసలే ఏమీ కాదు. కార్తీకమాసం ఆదివారం పట్టు సెక్షన్లో మాతో మాట్లాడిన పిల్ల ఎవరో వెతుకుతారు. అదీగాక ఈ తప్పు ఒక్క షాపుది కాదు. పెద్ద బజారులో ఏ షోరూమ్‌కైనా వెళ్ళి కౌంటర్ అవతలికి తొంగి చూడండి.

పాత బట్టల కొట్లలో ఈ బాధ లేదు, గమనించారా? బెజవాడ బట్టల మార్కెట్ వస్త్రలతలో హోల్‌సేల్ కొట్లకి వెళ్తే ఇప్పటికీ కొన్నిచోట్ల తెల్ల దుప్పటి పరిచిన పరుపులే. చెప్పులు విడిచి మనం కూర్చుంటాం, గుమస్తా ఎదురుగా కూర్చుంటాడు, తానులు మధ్యలో విప్పుతాడు. శేఠ్ గారు గల్లా పెట్టె దగ్గర బాలీసుకి ఆనుకుని ఉంటాడు. కూర్చున్న గుమస్తాని చూసి మర్యాద పోయిందని ఏ కస్టమరూ అనుకోలేదు. ఆ గుమస్తాలు మగవాళ్ళు. కౌంటర్లు, అద్దాలు, ఏసీలు వచ్చి ఆడపిల్లల్ని పెట్టుకోవడం మొదలయ్యాక మర్యాద నిలబడటంలోకి మారింది. ఈ రెండూ ఒకేసారి రావడం కాకతాళీయం అని మా ఆయన అంటారు. కావచ్చు.

నేను సేల్స్‌గర్ల్‌గా మానేసింది 2001లో. ఇప్పుడు పెళ్ళి కూతురైన ఈ పిల్లే అప్పుడు కడుపులో ఉంది. ఐదో నెల నిండింది. పాదాలు చెప్పుల్లో పట్టట్లేదు, సాయంత్రానికి పిక్కల మీద నరాలు నీలంగా తాళ్ళలా తేలేవి. ఓనర్ గారు పిలిచి చాలా మెల్లగా, తండ్రిలా చెప్పారు: “కస్టమర్ల ముందు బాగుండదమ్మా, కాన్పు అయ్యాక చూద్దాం.” నేను చేతులు జోడించి థాంక్స్ చెప్పి వచ్చేశాను. అంత మంచిగా చెప్పారు మరి. కాన్పయ్యాక వెళ్తే నా చోట ఇంకో అమ్మాయి ఉంది.

ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961 నాటిది. నన్ను పంపించేసిన రోజుకి దానికి నలభై ఏళ్ళు. పదిమంది, ఆపైన పనిచేసే షాపులకీ అది వర్తించేదనీ, కాన్పుకి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు జీతంతో సెలవు ఇవ్వాల్సిందేననీ, గర్భంతో సెలవులో ఉన్నదాన్ని తీసేయకూడదనీ నాకు తెలిసింది నిరుడు, మా చిన్నది ఫోన్లో చదివి వినిపిస్తే. మా షాపులో అప్పటికి పద్దెనిమిది మందిమి. 2017లో ఆ సెలవు 12 వారాల నుంచి 26 వారాలకి పెంచారు. 50 మంది, ఆపైన ఉన్నచోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలన్నారు. ఈ షోరూమ్‌లో నాలుగు అంతస్తులూ కలిపి నా లెక్కకి డెబ్బై మందికి తక్కువ ఉండరు. క్రెష్ ఎక్కడుందని ఆ అమ్మాయిని అడిగితే ఆ మాటే అర్థం కాలేదు. పెళ్ళయినవాళ్ళు ఇక్కడ ఎక్కువ రోజులు ఉండరు ఆంటీ, అంది.

అది చదివాక ఇంకాస్త వెతికించాను. కేరళలో, కోళికోడ్‌లో మిఠాయితెరువు అని పెద్ద బజారు ఉంది. అక్కడ విజి అనే ఆవిడ, ఆవిడా నాలాగే కుట్టుపని మనిషే, షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళని కూడగట్టి పెణ్‌కూట్టు అని సంఘం పెట్టింది. మొదలైంది బాత్రూమ్ దగ్గర. షాపుల్లో బాత్రూములు లేక ఆడవాళ్ళు రోజంతా నీళ్ళు తాగకుండా ఉండేవాళ్ళు. తర్వాత కూర్చునే హక్కు దాకా వచ్చింది. 2018లో కేరళ తన షాపుల చట్టాన్ని సవరించి పనివాళ్ళకి కూర్చునే ఏర్పాటు ఉండాలని రాసింది. అదే ఏడాది బీబీసీ వంద మంది మహిళల జాబితాలో విజి పేరు ఉంది. 2021 సెప్టెంబర్లో తమిళనాడు శాసనసభ కూడా అలాంటి సవరణే చేసింది. ప్రతి షాపులో అందరికీ ఆసనాలు ఉండాలి, పని మధ్యలో వీలు దొరికినప్పుడల్లా కూర్చోగలగాలి, డ్యూటీ అంతా కాళ్ళ మీదే ఉండే పరిస్థితి రాకూడదు అని దాని సారం. మనం కంచి చీర కోసం వెళ్ళే ఊరు ఆ రాష్ట్రంలోదే. చీర తెచ్చుకున్నాం, స్టూలు తెచ్చుకోలేదు.

ఫ్యాక్టరీలకైతే ఇది 1948 నుంచే ఉంది. ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ నిలబడి పనిచేసేవాళ్ళకి కూర్చునే వీలు కల్పించమనేది. కేంద్రం పాత కార్మిక చట్టాల్ని కలిపి 2020లో చేసిన కార్మిక కోడ్‌లలో భద్రత, ఆరోగ్యం మీద ఉన్న కోడ్‌లో కూడా ఆ మాట ఉంది. 2025 నవంబర్ 21 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. మా పెళ్ళి బట్టల హడావిడి రోజుల్లోనే అన్నమాట. అయితే ఆ కోడ్ పదిమంది, ఆపైన ఉన్నచోటికే. మన బజార్లలో షాపులు చాలావరకు ముగ్గురు, నలుగురితో నడిచేవి. చెప్పుల కొట్లు, గాజుల కొట్లు, మెడికల్ షాపులు. వాటిల్లో ఉన్న ఆడపిల్లల కాళ్ళు వేరే రకం కాళ్ళా?

అందుకని ఈ రివ్యూ షాపు ఓనర్ల కంటే ముందు మన ఎమ్మెల్యేలు చదవాలని రాస్తున్నాను. అయ్యా, అమ్మా, మన షాపుల చట్టం 1988 నాటిది, రెండు తెలుగు రాష్ట్రాలకీ మూలం అదే. అది ముట్టుకోకూడని చట్టమేమీ కాదు. 2025లోనే ఆంధ్రప్రదేశ్ దాన్ని సవరించింది: పని గంటల పరిమితి పెంచారు, ఆడవాళ్ళకి రాత్రి షిఫ్టులకి దారి తెరిచారు. ఎక్కువ గంటలు పనిచేయించుకోవడానికి పుస్తకం తెరిచినవాళ్ళు అదే పుస్తకంలో స్టూలు కోసం ఒక్క లైను రాయలేరా? ఆ లైనుకి ఖజానా నుంచి పైసా ఖర్చు లేదు. ప్లాస్టిక్ స్టూలు 450 రూపాయలు. నేను పెట్టిన చీరల బిల్లుకి ఎన్ని స్టూళ్ళు వస్తాయో మీరే లెక్కేసుకోండి.

స్త్రీశక్తి ఫ్రీ బస్సు సంగతి కూడా చెప్పాలి, మంచిని మంచి అనకపోతే ఎలా. 2025 ఆగస్టు 15న మొదలయ్యాక తనకి నెలకి వెయ్యి పైన మిగులుతోందని ఆ అమ్మాయి చెప్పింది. ఆ డబ్బుతో తమ్ముడికి ట్యూషన్ పెట్టించిందట. అయితే రాత్రి తొమ్మిది దాటాక వదిలితే, బస్టాండుకి నడిచి, ఉయ్యూరు చేరి, అక్కడి నుంచి ఊరికి వెళ్ళేసరికి పదకొండు. నాన్న సైకిల్ మీద ఎదురు వస్తాడట. ఫ్రీ బస్సు పెట్టినవాళ్ళే, ఆడవాళ్ళని తొమ్మిది దాకా ఉంచుకునే షాపు వాళ్ళని ఇంటి దగ్గర దింపే బాధ్యత ఓనర్‌దే అని గట్టిగా అమలు చేయిస్తే ఆ తండ్రి చలిలో రోడ్డు మీద నిలబడక్కర్లేదు. బాత్రూమ్ ప్రతి అంతస్తులో ఉండాలని, లేబర్ ఆఫీసర్ తనిఖీకి వచ్చినప్పుడు రిజిస్టరుతో పాటు కౌంటర్ వెనక కూడా చూడాలని కూడా నా అర్జీలో రాశాను. అవును, అర్జీ ఇచ్చాను. ఎమ్మెల్యే గారి ఆఫీసులో తెల్లకాగితం మీద, చేత్తో రాసి. అక్కడున్న అబ్బాయి చదివి, “స్టూళ్ళా అమ్మా?” అని రెండుసార్లు అడిగాడు. పెన్షన్ గురించో రేషన్ కార్డు గురించో అయితే ఏ కట్టలో పెట్టాలో అతనికి తెలుసు. దీన్ని ఏ కట్టలో పెట్టాలో తెలియక టేబుల్ మీదే పేపర్ వెయిట్ కింద ఉంచాడు.

ఇంకో మాట. కొత్త షోరూమ్ తెరిస్తే రిబ్బన్ కత్తిరించడానికి వెళ్ళేది మన నాయకులే. రెండేళ్ళ కిందట అలాంటి ఓపెనింగ్ ఒకటి చూశాను. ముహూర్తం పదిన్నరకి. ఒకే రంగు చీరలు కట్టుకున్న ఆడపిల్లలు పళ్ళేలు పట్టుకుని ఏడున్నర నుంచి రెండు వరసల్లో నిలబడ్డారు. నాయకులు పన్నెండుకి వచ్చారు. వాళ్ళకి ఎర్ర వెల్వెట్ కుర్చీలు. ఆ వరసలో ఒక పిల్ల కళ్ళు తిరిగి పక్కదాని భుజం పట్టుకుంటే పళ్ళెంలో పువ్వులు కింద పడ్డాయి, అవి తొక్కుకుంటూనే లోపలికి వెళ్ళారు అందరూ. కత్తెర చేతికి ఇచ్చినప్పుడు ఆ ఓనర్‌ని ఒక్క ప్రశ్న అడగొచ్చు కదా: వీళ్ళు ఎక్కడ కూర్చుంటారండీ?

నేనేదో ధర్మరాజునని కాదు. ఇంటికొచ్చి ఇదంతా ఆవేశంగా చెప్తుంటే మా చిన్నది, “మన షాపులో ఇస్త్రీ చేసే అక్క ఎక్కడ కూర్చుంటుంది?” అంది. నోట మాట రాలేదు. కుట్టేవాళ్ళం కూర్చునే కుడతాం, ఇస్త్రీ చేసే అమ్మాయి పొద్దున్నుంచి నిలబడే ఉంటుంది, నాలుగేళ్ళుగా. మర్నాడే ఎత్తు స్టూలు కొని తెచ్చాను. ఇస్త్రీ నిలబడే చేయాలి, అది నిజమే. కానీ ఒక బట్టకీ ఇంకో బట్టకీ మధ్య అది కూర్చుంటోంది. పని ఏమీ తగ్గలేదు. పైగా పెట్టె వేడెక్కేదాకా కూర్చుని హుక్కులు కూడా కుట్టేస్తోంది.

మొత్తానికి చీరల కోసమైతే వెళ్ళండి, మోసం లేదు. ఆదివారం వద్దు, బుధవారం పొద్దున్నే వెళ్ళండి. కొనదలుచుకోని చీరలు ఊరికే విప్పించకండి. వెళ్ళినప్పుడు స్టూలు గురించి మేనేజర్‌ని తప్పకుండా అడగండి. నేనొక్కదాన్ని అడిగితే పిచ్చిది అనుకుంటారు, పదిమంది అడిగితే పైవాళ్ళకి చెప్తారు.

బ్లౌజ్ పీస్ ఒకటి రంగు కలవలేదని మార్చుకోవడానికి పోయిన వారం మళ్ళీ వెళ్ళాను. మూడో అంతస్తులో పట్టు సెక్షన్ కౌంటర్ వెనక ఎర్ర ప్లాస్టిక్ స్టూలు ఒకటి కొత్తగా కనిపించింది. దాని మీద ఫాల్స్ డబ్బాలు మూడు పేర్చి ఉన్నాయి. ఆ అమ్మాయి పక్కనే నిలబడి ఉంది. నన్ను గుర్తుపట్టి నవ్వింది. నేను కౌంటర్ మీదుగా చెయ్యి చాపి డబ్బాలు తీసి బీరువా మీద పెట్టాను.